జామెట్రీ నేర్చిన తాపీ సిపాయిలు

అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ చదివే ఏ పిల్లవాడిని అడిగినా కాటన్ దొర పేరు చెప్తాడు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెప్తాడు. కాటన్ మద్రాస్ ఇంజనీర్స్ దళంలో అధికారి అనీ, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడనీ, మన కర్నూలు-కడప కాలువ ఆలోచన కూడా ఆయనదేననీ కొంచెం చదివినవాళ్ళకు తెలుసు. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు సిపాయిలకు పాఠం చెప్పిన చార్లెస్ పాస్లీ పేరు మాత్రం పిల్లలకే కాదు, వాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళకూ తెలియదు. తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆయన మన దేశానికి ఎప్పుడూ రాలేదు. ఇక్కడ ఆయన పేరుతో ఒక కాలువ లేదు, వంతెన లేదు, విగ్రహం లేదు.

అయినా సర్వేయింగ్ పాఠం చెప్పుకుంటూ బతికిన మాస్టారుగా నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. మన సివిల్ డిపార్ట్‌మెంట్లకు ఇప్పుడు కాటన్ లాంటి కట్టేవాడి కంటే ముందు పాస్లీ లాంటి పంతులు కావాలి. ఆ పంతులు చెప్పిన పద్ధతిలో సగం మన సొంతం. మన వీధి బడి అరుగు మీద నుంచి మద్రాసు మీదుగా ఇంగ్లండుకు పోయిన పద్ధతి అది. దాన్ని మనమే వదిలేసుకున్నాం. తిరిగి తెచ్చుకోవాలని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పాస్లీ 1780లో స్కాట్లండులో పుట్టాడు. 1797లో ఫిరంగి దళంలో చేరి, మరుసటి ఏడాదే రాయల్ ఇంజనీర్స్‌కు మారాడు. ఆ తరవాత పదేళ్ళూ నెపోలియన్‌తో యుద్ధం ఎక్కడ జరిగితే అక్కడే ఉన్నాడు: మినోర్కా, మాల్టా, దక్షిణ ఇటలీ, కోపెన్‌హేగన్. సర్ జాన్ మూర్ సైన్యంతో పాటు స్పెయిన్‌లో కొరున్నా దాకా వెనక్కి నడిచినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. 1809లో ఫ్లషింగ్ కోట ముట్టడిలో ముందు వరసలో దాడికి పోయాడు. తొడలో బాయొనెట్ దిగింది, తుపాకీ గుండు వెన్నెముకను దెబ్బతీసింది. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు కూడా నిండలేదు. ఏడాదికి పైగా మంచం పట్టాడు.

యుద్ధరంగంలో పేరు తెచ్చుకోవాలనుకున్న అధికారికి అక్కడితో దారి మూసుకుపోయినట్టే. అలాంటి మనిషిని శిక్షణ వైపు పంపడం ఆ రోజుల్లోనూ ఉంది, ఈ రోజుల్లోనూ ఉంది. సైట్‌లో పనికిరాడు అనుకున్నవాణ్ణి క్లాసులోకి తోస్తారు. మన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో సగం మంది లెక్చరర్లు ఆ పనిలోకి వచ్చింది వేరే ఉద్యోగం దొరక్కే. ఆ మాట వాళ్ళే బాధగా చెప్పుకుంటారు. పాస్లీ మాత్రం తనకు మిగిలిన పనిని మిగులు పనిగా చూడలేదు.

1811లో ఆయనకు ప్లిమత్‌లో ఒక కంపెనీ అప్పగించారు. అందులో ఉన్నవాళ్ళు వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, కమ్మరులు. వాళ్ళను మిలిటరీ ఆర్టిఫిసర్స్ అనేవారు. యూనిఫాం వేసుకున్న చేతిపనివాళ్ళు. గోడ కట్టమంటే కడతారు, తలుపు బిగించమంటే బిగిస్తారు. శత్రువు కోట ముందు కందకం ఏ కోణంలో తవ్వాలో, ఎంత లోతు తవ్వితే గుండు తగలదో, గోడ కింద సొరంగం ఎట్లా నడపాలో వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. అది అధికారుల విద్య అనుకున్నారు. దాంతో ముట్టడి జరిగిన ప్రతిచోటా ఇంజనీరు అధికారి తానే ముందుకు పోయి, ఇక్కడ తవ్వు, అక్కడ తట్ట పెట్టు అని కాల్బలం సిపాయికి చూపించాల్సి వచ్చేది. చూపిస్తూనే అధికారి చచ్చిపోయేవాడు. తరవాత చూపించేవాడు ఉండడు.

1812 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బదాహోస్ కోటను బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పట్టుకున్నాడు. ఆ ముట్టడిలో ఆయన వైపు చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 5 వేలకు దగ్గర. శిక్షణ పొందిన శాపర్లు, అంటే కందకాలు, సొరంగాలు తవ్వే ఇంజనీరు దళం సిపాయిలు, ఉండుంటే ఇంత నష్టం జరిగేది కాదని ఆయన లండన్‌కు రాశాడు. ఆ నెలలోనే ఇంగ్లండులోని చాథమ్‌లో శిక్షణ కేంద్రానికి ఉత్తర్వు వచ్చింది. దానికి డైరెక్టర్‌గా పాస్లీని వేశారు. 1841 దాకా, అంటే 29 ఏళ్ళు, ఆయన అదే కుర్చీలో ఉన్నాడు.

ఆ కుర్చీలో ఆయన చేసిన పనుల్లో ఎక్కువమంది చెప్పుకునేది పేలుళ్ళ సంగతి. 1782లో మునిగిపోయిన రాయల్ జార్జ్ అనే యుద్ధనౌక శిథిలాలను 1839 నుంచి ఏటా కొంచెం కొంచెంగా సముద్రం అడుగున మందుగుండుతో పేల్చి, రేవుకు అడ్డం లేకుండా తీయించాడు. ఎలక్ట్రిక్ బ్యాటరీతో నీటి లోపల మందుగుండు అంటించడం అప్పటికి కొత్త. ఇది గొప్ప పనే. నాకు మాత్రం అందులో నచ్చిన సంగతి వేరే. నీళ్ళలోకి దిగిన డైవర్లలో ఆయన సొంత శాపర్లు ఉన్నారు. మామూలు సిపాయిలు, కార్పొరళ్ళు. తన మనుషులు ఏదైనా నేర్చుకోగలరని ఆయనకు ముందే తెలుసు, ఎందుకంటే వాళ్ళకు జామెట్రీ నేర్పింది తనే.

ఆ నేర్పడం గురించి వివరంగా చెప్పాలి.

ప్లిమత్ కంపెనీలో ఆయనకు ఎదురైన చిక్కు చిన్నది కాదు. వందల మందికి కొలతలు, ప్లాను గీయడం నేర్పాలి. లెక్కల మాస్టారు లేడు, పెట్టుకోవడానికి డబ్బు లేదు. పెట్టుకున్నా, కాలేజీలో యూక్లిడ్ చెప్పే మాస్టారు తాపీ మేస్త్రీ భాషలో చెప్పలేడు. అందుకని పాస్లీ తనే ఒక పాఠ్యక్రమం రాశాడు. 1814లో దాని మొదటి సంపుటం అచ్చయింది. రుజువులూ సిద్ధాంతాలూ పక్కన పెట్టి, ఒక గీతను రెండు సమాన భాగాలు చేయడం ఎట్లా, దానికి లంబం గీయడం ఎట్లా అని మెట్టు తరవాత మెట్టుగా రాశాడు. చదవడం వచ్చిన ఏ సిపాయైనా పుస్తకం తెరిచి, కంపాస్ పట్టుకుని, తనంతట తను చేయగలిగేట్టు. ఒక మెట్టు వచ్చినవాడు పక్కవాడికి చూపించాలి. నాయక్ తన గుంపుకు చూపించాలి. తుపాకీ డ్రిల్ ఎట్లా నేర్చుకుంటారో జామెట్రీ కూడా అట్లాగే, అధికారి పక్కన లేకపోయినా, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి.

ఈ ఆలోచన ఆయనకు గాల్లోంచి ఊడిపడలేదు. అప్పట్లో ఇంగ్లండులో డాక్టర్ ఆండ్రూ బెల్, జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇద్దరి బడులకు మంచి పేరు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే బడులు అవి. పాస్లీ ఆ పద్ధతినే తీసుకుని, తన అవసరానికి మార్చుకుని, ఇంకా మెరుగుచేశాడు.

మరి బెల్‌కు అది ఎక్కడ దొరికింది? మద్రాసులో. ఆయన 1789 నుంచి 1796 దాకా ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపాడు. ఒకరోజు స్థానికుల బడి ఒకటి కంటపడింది. పిల్లలు నేల మీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. ఆ ఇసుక రాత తన బడిలోకి తెచ్చాడు. జీతం మాస్టర్లు ససేమిరా అంటే, ఒక పిల్లవాడికి నేర్పి వాడిచేత మిగతావాళ్ళకు నేర్పించాడు. ఇంగ్లండుకు తిరిగిపోయి 1797లో ఆ అనుభవాన్ని అచ్చువేశాడు. దానికే మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది.

అది మద్రాసు నగరంలో మాత్రమే ఉన్న పద్ధతి కాదు. మన ఊళ్ళలోనూ ఉండేదని ఆధారం ఉంది. 1822లో మద్రాసు గవర్నర్‌గా ఉన్న థామస్ మన్రో ప్రతి జిల్లాలో బడులు ఎన్ని, పిల్లలు ఎంతమంది, ఏం చదువుతున్నారు అని లెక్కలు అడిగాడు. అంతకుముందు దత్త మండలాలకు, అంటే బళ్ళారితో కలిసి ఉన్న మన సీమకు, కలెక్టరుగా అనంతపురంలో కూర్చుని పాలించిన మన్రోయే. తరవాత 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోయిందీ ఆయనే. మన్రో అడిగినదానికి 1823లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు చాలా వివరమైనది. ఆ రోజుల్లో అనంతపురం వేరే జిల్లా కాదు. 1882 దాకా మనం బళ్ళారి జిల్లాలో భాగమే. కాబట్టి ఆ జవాబులో ఉన్నది మన తాతముత్తాతల బడి.

జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు అని ఆయన లెక్క తేల్చాడు. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. అయిదో ఏట బడిలో వేస్తారు. పొద్దున ఆరింటికి బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు మొదలు, వెనక వచ్చేకొద్దీ ఒక్కొక్కటి పెరుగుతుంది. ముందు ఇసుకలో వేలితో, తరవాత కడితం (మసి పూసి పలకలా చేసిన బట్ట) మీద, తాటాకు మీద రాత. పిల్లలు ఎక్కువుంటే గుంపులుగా విడదీస్తారు. కింది గుంపులను బాగా వచ్చిన పిల్లలు చూసుకుంటారు, పై గుంపును పంతులు చూస్తాడు. పైవాడు కిందివాడికి చెప్తూ తన చదువు తనే గట్టిచేసుకునే ఈ ఏర్పాటు మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండులో దాన్ని అనుకరించడం న్యాయమేననీ క్యాంప్‌బెల్ రాశాడు.

ఇంకో చిన్న సంగతి. 1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ సర్వే స్కూలు పెట్టినప్పుడు మొదటి విద్యార్థులను తీసుకున్నది ఆ అనాథాశ్రమం నుంచే. ఆ స్కూలు పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఆ స్కూల్లో నేర్చుకున్న కుర్రాళ్ళే కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర అసిస్టెంట్లుగా మన దత్త మండలాల్లో చైన్లు లాగి పటాలు గీశారు. మన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ కూడా 1946లో ఆ గిండీ ప్రాంగణంలోనే మొదలై, తరవాత ఇక్కడికి తరలివచ్చింది. ఇసుకలో రాసి పక్కవాడికి చెప్పిన పిల్లల నుంచి మన కాలేజీ గేటు దాకా తెగకుండా వచ్చిన దారి ఇది. మన కాలేజీల్లో ఏ ఓరియంటేషన్ ప్రోగ్రాంలోనూ దీన్ని చెప్పగా నేను వినలేదు.

అటు ఇంగ్లండులో ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు దళాలకు ఎంపికైన కుర్రాళ్ళు అడిస్కోంబ్‌లోని కంపెనీ సైనిక కాలేజీలో చదువు ముగించి, ఓడ ఎక్కేముందు చాథమ్‌లో పాస్లీ దగ్గర పని నేర్చుకునేవారు. 1840 నుంచి 1855 దాకా అడిస్కోంబ్‌కు పరీక్షాధికారి కూడా ఆయనే. మన దేశంలో కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టిన దొరల్లో ఎంతోమంది ఆ చేతుల మీదుగా వచ్చినవాళ్ళే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ బరువైనవే.

మొదటిది: పాస్లీ సామ్రాజ్యం మనిషి కదా, ఆయన్ను మనం తలకెత్తుకోవడం ఎందుకు? నిజమే. 1810లో ఆయన అచ్చువేసిన సైనిక విధాన వ్యాసంలో బ్రిటన్ దండెత్తి గెలుచుకుంటూ పోవాలనే వాదించాడు. ఆయన శిక్షణ కోటలు పడగొట్టడానికి. ఆయన చాథమ్‌లో ఉండగానే 1839లో కంపెనీ సైన్యం కర్నూలు నవాబును దింపి ఆ రాజ్యాన్ని కలుపుకుంది. మన బడిని మెచ్చుకున్న క్యాంప్‌బెల్ సైతం అదే నివేదికలో, ఇంగ్లండు బట్టలు వచ్చి ఇక్కడి చేతివృత్తులవాళ్ళ సంపాదన పడిపోయిందనీ, పిల్లలను బడికి పంపలేని పేదరికం వచ్చిందనీ ఒప్పుకున్నాడు. అంటే పద్ధతి ఇక్కడి నుంచి అక్కడికి పోయి అక్కడ బలపడుతున్న రోజుల్లోనే ఇక్కడి బడి చిక్కిపోతోంది. నేను ఈ చరిత్రను దాచమని అనడం లేదు. ఆ చరిత్ర తెలిసినందుకే అడుగుతున్నాను: మన దగ్గర నుంచి పోయింది మనం తిరిగి తెచ్చుకోవడానికి సిగ్గెందుకు?

రెండోది మాస్టర్ల నుంచి వచ్చే అభ్యంతరం. పిల్లలు పిల్లలకు చెప్తే తప్పులే పాకుతాయి, బట్టీయే మిగులుతుంది అంటారు. దీనికి సాక్షి కూడా క్యాంప్‌బెలే. పద్యాలు అర్థం తెలియకుండా చిలకపలుకుల్లా వల్లిస్తున్నారని ఆయన రాశాడు. ఇంగ్లండులో బెల్, లాంకాస్టర్ బడులు చివరకు ఒక్క మాస్టారి జీతంతో వందలమందిని మేపే చవక ఏర్పాటుగా దిగజారాయి. 19వ శతాబ్దం సగానికి వచ్చేసరికి వాటి పేరు చెడింది. ఇదంతా నిజం.

పాస్లీ గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉంది. బెల్ పద్ధతిలోని బలహీనతకు ఆయన మందు కనిపెట్టాడు. నేర్చుకున్నదాన్ని నోటితో అప్పచెప్పమనలేదు, చేతితో చేసి చూపించమన్నాడు. చాథమ్‌లో సిపాయి పరీక్ష అంటే నిజంగా కందకం తవ్వాలి, మెడ్వే నది మీద నిజంగా పడవల వంతెన వేయాలి. కాగితం మీద తప్పు గీసినవాడి తప్పు మట్టిలో బయటపడుతుంది. పుస్తకం మెట్లుగా ఉంది కాబట్టి ఏ మెట్టులో తప్పిందో వెనక్కి పోయి పట్టుకోవచ్చు. అధికారులు కూడా ముందు తమ సిపాయి చేసే పని చేతితో చేసి నేర్చుకోవాలి. చవక కోసం ఆయన మాస్టారిని తీసేయలేదు. తనే అక్కడ 29 ఏళ్ళు నిలబడ్డాడు.

సిమెంటు విషయంలోనూ అదే బుద్ధి. నీళ్ళలో గట్టిపడే సిమెంటు కోసం సుద్దరాయి, మెడ్వే నది నీలి బంకమట్టి కలిపి కాల్చి చూశాడు. ఏ పాళ్ళలో కలిపితే ఏమైందో రాసి 1838లో అచ్చువేశాడు. సిమెంటు బలం చూడటానికి అప్పట్లో ఒక పరీక్ష ఉండేది. గోడకు ఒక ఇటుకను సిమెంటుతో అతికించి, దాని ముఖానికి ఇంకో ఇటుక, దానికి ఇంకోటి, కింద ఆధారం లేకుండా అడ్డంగా గాల్లోకి పెంచుకుంటూ పోవడం. ఎన్నో ఇటుక దగ్గర విరిగితే అంత బలం. ఆయన చాథమ్‌లో ఈ పరీక్షనూ వాడాడు. యంత్రం లేదు, మీటర్ లేదు. తాపీ పనివాడు సైతం చూసి అర్థం చేసుకోగల పరీక్ష. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న కడప జిల్లాలో డిప్లొమా పిల్లలు సిమెంటు టెస్టింగ్ అంటే మిషన్ ముందు నిలబడి అంకె రాసుకోవడమే అనుకుంటున్నారు. ఆ మిషన్‌తో పాటు ఒక్కసారి గోడకు ఇటుకలు అతికించి చూడనిస్తే, అతుకు ఎక్కడ ఎందుకు తెగిందో వాళ్ళే కూర్చుని వాదించుకుంటారు. నేను చేయించాను. వాదించుకున్నారు. గంట కొట్టినా కదల్లేదు.

ఇక మన సంగతి. నేను పనిచేసిన ఒక కాలేజీలో లెవలింగ్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే, ప్రాక్టికల్ ఎట్లా జరిగేదో చెప్తాను. బ్యాచ్‌కు ఒక్క డంపీ లెవల్, అంటే ఆ కొలతకు వాడే టెలిస్కోపు పరికరం. దాన్ని అటెండర్ బయటకు తెచ్చి స్టాండ్ మీద పెడతాడు. ముందున్న నలుగురు చూస్తారు, వెనకున్నవాళ్ళు చెట్టు కింద కూర్చుంటారు. రికార్డు మాత్రం అందరిదీ ఉంటుంది. తెలిసిన ఎత్తున్న బెంచ్ మార్క్ ఆర్.ఎల్. (ఎత్తు అంకె) 100.000, ఆ కింద స్టాఫ్ (కొలబద్ద) రీడింగులు, చివర బ్యాక్ సైట్ల మొత్తం నుంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేస్తే చెక్ సరిపోతుంది. సరిపోకేం చేస్తుంది? సీనియర్ రికార్డు నుంచి దించిన అంకెలు కదా. అందరి పుస్తకాల్లోనూ మొదటి బ్యాక్ సైట్ ఒకటే అంకె. దాన్ని చూసి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఈ పిల్లలే రేపు హంద్రీ-నీవా పిల్లకాలువలో సైట్ ఇంజనీర్లు. లెవల్ అంగుళం తప్పితే నీళ్ళు చివరి చేనుకు చేరవు. కరువు సీమలో ఆ అంగుళం ఎవరి పొట్ట కొడుతుందో వేరే చెప్పాలా?

ఈ పరిస్థితి మార్చడానికి పెద్ద గ్రాంటు అవసరం లేదని నాకు చూపించింది ఒక రిటైర్డ్ హవల్దారు. గుత్తి దగ్గరి పల్లె ఆయనది. మద్రాస్ శాపర్స్‌లో, అంటే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో, సర్వీసు చేసి వచ్చాడు. నాకు పరిచయమయ్యేనాటికి ఒక ఏటీఎం దగ్గర సెక్యూరిటీ గార్డుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మాటల్లో మాటగా నేను సర్వే చెప్తానంటే ఆయన కళ్ళు మారిపోయాయి. ఒక ఆదివారం రమ్మని పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టైముకంటే ముందే వచ్చాడు.

పిల్లల్లో అందరికంటే వెనకున్నవాణ్ణి ముందుకు పిలిచాడు. వాడు టెన్షన్ పడుతుంటే, "ఏం గాదులేప్పా, రా" అన్నాడు. లెవల్ కింద మూడు ఫుట్ స్క్రూలుంటాయి కదా, అందులో రెండింటి మీద వాడి రెండు చేతులూ పెట్టించాడు. "రెండు బొటనవేళ్ళూ లోపలికన్నా తిప్పు, బయటికన్నా తిప్పు. ఒకటి అట్లా ఒకటి ఇట్లా తిప్పొద్దు. నీ ఎడం బొటనవేలు ఎటు పోతాదో బుడగ అటే పోతాది, చూడు." వాడు తిప్పాడు. బుడగ కదిలింది. నడిమికి వచ్చింది. దాటి పోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చాడు. తరవాత టెలిస్కోపును అడ్డం తిప్పించి మూడో స్క్రూతో సరిచేయించాడు.

"వచ్చిందా?"

"వచ్చింది సార్. ఎడమ వేలు ఎటు పోతే..."

"నాకు చెప్పొద్దు. వానికి చెప్పు. వాడు చేస్తే అప్పుడు నీకు వచ్చినట్టు లెక్క."

రెండోవాడు తప్పు తిప్పితే మొదటివాడు తిట్టబోయాడు. హవల్దారు ఆపాడు. "నువ్వు సరిగ్గా చెప్పలేదు, అందుకే వాడు తప్పు తిప్పినాడు. మళ్ళా చెప్పు." పొద్దెక్కేసరికి బ్యాచ్ మొత్తానికీ లెవల్ సెట్ చేయడం వచ్చింది. ఆయన మాట్లాడింది చాలా తక్కువ. ఎక్కడ నేర్చుకున్నారు ఈ పద్ధతి అని అడిగితే, "బెంగళూరులో మా ఉస్తాదులు అట్లనే నేర్పిచ్చినారు సార్" అన్నాడు. పాస్లీ పేరు ఆయన వినలేదు. వినాల్సిన అవసరమూ లేదు.

ఆ శిక్షణ ఏం చేయగలదో 2024లో దేశమంతా చూసింది. జులై 30న వయనాడులో కొండచరియలు విరిగిపడి చూరల్‌మల దగ్గర వంతెన కొట్టుకుపోయింది. మద్రాస్ శాపర్లు అక్కడికి చేరి, రాత్రీ పగలూ పనిచేసి, 190 అడుగుల బెయిలీ వంతెనను (ఉక్కు ప్యానెళ్ళు బిగించి త్వరగా వేసే వంతెన) ఆగస్టు 1 సాయంత్రానికి పూర్తిచేశారు. ఆ దళంలో మేజర్ సీతా షెల్కే అనే మహిళా ఇంజనీరు అధికారి ముందుండి పనిచేయించింది. బెయిలీ ప్యానెల్ ఒక్కొక్కటి 250 కిలోలు దాటుతుంది, ఆరుగురు మోయాలి. వరద నీటి పక్కన, బురదలో, ఆ ఆరుగురిలో ప్రతి ఒక్కడికీ తన పని తెలిసుంటేనే అది లేస్తుంది. అధికారి ఒక్కరికే తెలిస్తే చాలదు. 1812లో పాస్లీ కోరుకున్నది ఇదే.

మన జిల్లాల కుర్రాళ్ళు ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ కోసం తెల్లవారుజామున గ్రౌండ్లలో పరుగులు తీస్తుంటారు. ఇంకోపక్క వేలమంది బీటెక్ చేసి ఖాళీగా ఉంటారు. ఈ రెండు గుంపులకూ మధ్య ఇంజనీరు అధికారి అనే ఉద్యోగం ఉందని వాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువ. పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్‌లో అధికారులతో పాటు సిపాయిలకూ శిక్షణ ఉంటుందనీ, మంచి అధికారులను అక్కడికి బోధకులుగా తీసుకుంటారనీ తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. సైన్యంలో ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగు గౌరవం. ఫీల్డులో వంతెన వేసి వచ్చినవాడు క్లాసులో చెప్తాడు, చెప్పి మళ్ళీ ఫీల్డుకు పోతాడు. మన కాలేజీల్లో సైట్ ముఖం చూడని లెక్చరర్ సైట్ గురించి చెప్తాడు. తప్పు ఆ లెక్చరర్‌ది కాదు, అతన్ని సైట్‌కు పంపని ఏర్పాటుది. ఏడాదికి ఒక నెల ప్రతి సివిల్ లెక్చరర్‌నూ ఇరిగేషన్ పనుల మీదికి డ్యూటీగా పంపితే ఏం పోతుంది?

నేను అడుగుతున్నవి మూడు నాలుగు పనులు, అన్నీ ఈ ఏడాదే చేయదగ్గవి. పాలిటెక్నిక్‌లో ఫైనల్ ఇయర్ పిల్లలకు జూనియర్ బ్యాచ్‌కు ప్రాక్టికల్ చెప్పించడం సిలబస్‌లో భాగం చేసి మార్కులు వేయండి. ఎగ్జామినర్ రికార్డు పక్కన పెట్టి, పిల్లవాణ్ణి లెవల్ దగ్గరికి తీసుకుపోయి, పక్కవాడికి నేర్పించమని అడగాలి. సర్వేయింగ్, కాంక్రీటు పనుల మీద తెలుగులో, మెట్లు మెట్లుగా, తాపీ మేస్త్రీ సైతం చదువుకుని చేయగలిగే చిన్న పుస్తకాలు రావాలి. లెవలింగ్ మీద ఒకటి నేను మొదలుపెట్టాను. పూర్తయిన అధ్యాయాలు అడిగినవాళ్ళకు ఉచితంగా పంపుతాను.

ఇంకొకటి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో శాపర్స్‌లో పనిచేసి ఇంటికి వచ్చిన హవల్దార్లు, నాయక్‌లు, సుబేదార్లు ఉన్నారు. ఏటీఎంల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఉంటే నాకు రాయండి. మా ల్యాబ్ ఆదివారాలు తెరిచే ఉంటుంది. వచ్చినాయనకు రానుపోను ఖర్చులు, భోజనం మావి. గౌరవ వేతనం కోసం ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టాం. అది వచ్చేదాకా మా స్టాఫ్ కొందరం తలా కొంత వేసుకుంటున్నాం.